లేవీయకాండము దగ్గర తప్పిపోయినవారు

ఏటా జనవరి నెలాఖరుకి తెలుగు విశ్వాసుల్లో చాలామంది ఒకేచోట తప్పిపోతున్నారు. పోలీసు కేసు ఉండదు, పేపర్లో ఫొటో పడదు. మనుషులు ఆదివారం మందిరంలో కనిపిస్తూనే ఉంటారు, వందనాలు చెబుతూనే ఉంటారు, చంకలో జిప్పు కవరు బైబిలు కూడా ఉంటుంది. అందులోని గుర్తు రిబ్బను మాత్రం మూడో పుస్తకమైన లేవీయకాండం దాటి అంగుళం కదలదు. ఇంతమంది గల్లంతవుతున్నా ఏ ప్రభుత్వమూ విచారణ సంఘం వెయ్యలేదు గనుక ఆ భారం ఈ వ్యాసం నెత్తిన పడింది.

ముందుగా పూర్వాపరాలు. డిసెంబరు 31 రాత్రి ఆరాధన. పన్నెండు కొట్టగానే చప్పట్లు, కేకు, ఆపైన ఏడాదికి తలా ఒక వచనం అచ్చేసిన వాగ్దానం కార్డులు. తర్వాత వేదిక మీది నుంచి ఒక ప్రశ్న వస్తుంది: ఈ ఏడు బైబిలంతా చదివి ముగించాలని తీర్మానం చేసుకున్నవాళ్ళు చేతులెత్తండి. శాలువాల్లోంచి చేతులన్నీ లేస్తాయి. లేవనివి కీబోర్డు వాయించే కుర్రాడివి మాత్రమే, అవి ఖాళీ లేవు కాబట్టి.

ఆ చేతులు ఎత్తిన లెక్క ఇదీ. పాత నిబంధనలో 929 అధ్యాయాలు, కొత్త నిబంధనలో 260, మొత్తం 1189. అందరికీ తెలిసిన సూత్రం రోజుకి మూడు, ఆదివారం అయిదు. వారానికి 23, 52 వారాలకి 1196, మిగిలిన ఒక్క రోజు కూడా కలిపితే 1199. అంటే ఏడాది పొడుగునా కలిసొచ్చేది పది అధ్యాయాలు, మూడు రోజుల సెలవు. గవర్నమెంటు గుమాస్తాకి క్యాజువల్ లీవులే పదిహేను. పరలోక రాజ్యపు పౌరుడికి మూడు. జ్వరం, పెళ్ళి, కరెంటు కోత, అత్తగారి రాక అన్నీ ఈ మూడింట్లోనే సర్దుకోవాలి.

ఈ సూత్రానికి ఒక విచిత్ర గుణం ఉంది. ఏ ఇరవై ఎనిమిది రోజులు తీసుకున్నా ఆదివారాలు నాలుగే కాబట్టి, జనవరి 1 ఏ వారమైనా సరే, ఎవరు ఏ రోజు ఎక్కడుండాలో రైల్వే టైంటేబులులా చెప్పేయవచ్చు. ఉదాహరణకు జనవరి 14న పాఠకుడు ఆదికాండం 46లో ఉంటాడు. యాకోబు కుటుంబం డెబ్బైమంది, పిల్లా జెల్లా, పశువులు, బండ్లతో సహా ఐగుప్తుకి బయల్దేరే అధ్యాయం అది. సరిగ్గా అదే సమయానికి మన పాఠకుడు సంక్రాంతికి ఊరెళ్తూ పంతంగి టోల్ గేటు దగ్గర కార్లో ఉంటాడు. ఇంతకన్నా గట్టి అన్వయం ఏ వ్యాఖ్యానంలోనూ దొరకదు. కానీ బైబిలు హైదరాబాదులో టీవీ పక్కన ఉండిపోయింది.

నాలుగు రోజులు ఊళ్ళో గడిచాయి. పన్నెండో పద్నాలుగో అధ్యాయాలు బాకీ. అధ్యాయానికి సగటున నాలుగు నిమిషాలు వేసుకున్నా, తిరిగొచ్చిన రోజు మొత్తం తీర్చాలంటే, ఆ రోజు వంతుతో కలిపి, తక్కువలో తక్కువ గంట. రోజుకి పన్నెండు నిమిషాలే కుదరనివాడికి గంట ఎక్కణ్ణుంచి వస్తుంది? శనివారం తీరుద్దాం అనుకుంటాడు. శనివారానికి బాకీ ఇరవై దాటుతుంది. ఇక్కడే మనిషి మారిపోతాడు. అప్పటిదాకా బైబిలు అంటే పుస్తకం, ఇప్పుడది వీధి మలుపులో ఎదురయ్యే అప్పులవాడు. చూస్తే పక్క సందులోంచి వెళ్ళిపోవాలనిపిస్తుంది.

రుణమాఫీ అనే మాట తెలుగువాళ్ళకి కొత్త కాదు. ప్రతి ఎన్నికలకీ అడుగుతాం. ఇక్కడ మాత్రం ఎవరూ అడగరు. తప్పిన రోజుల అధ్యాయాలు వదిలేసి ఈ రోజు తేదీ ఎదురుగా ఏముందో అది చదువుకోవచ్చు. ఆదికాండం 47 నుంచి 50 వరకూ ఈ ఏడు చదవకపోతే వచ్చే ఏడు అవి అక్కడే ఉంటాయి, ఎవరూ ఎత్తుకుపోరు. ప్రతి యాభయ్యో ఏట, చెయ్యి జారిపోయిన పొలం సొంతదారుడికి తిరిగి రావాలి, అమ్ముడుపోయిన మనిషి ఇంటికి వెళ్ళిపోవాలి అనే సునాద సంవత్సరం శాసనం లేవీయకాండం 25లో ఉంది. దాని పేరు మీదే జూబ్లీ అనే మాట పుట్టింది. జూబ్లీహిల్స్ తెలుసు, జూబ్లీ బస్టాండు తెలుసు, ఫిబ్రవరి 4 దాకా నిలబడి ఆ అధ్యాయం చదివినవాడే తెలియదు.

ఎందుకు నిలబడడు? నేరస్థలానికి వెళ్దాం. జనవరి 28న నిర్గమకాండం అయిపోతుంది. నిజానికి అప్పటికే మనిషి దెబ్బ తిని ఉంటాడు. మందసం అనే పవిత్రమైన పెట్టె పొడుగు రెండున్నర మూరలు, వెడల్పు ఒకటిన్నర, ఎత్తు ఒకటిన్నర, తుమ్మకర్ర, పైన బంగారు రేకు అని 25వ అధ్యాయంలో ఒకసారి చదివాడు, 37లో వడ్రంగి అలాగే చేశాడని మళ్ళీ చదివాడు. ఇక లేవీయకాండం తెరవగానే దహనబలి, నైవేద్యం, సమాధానబలి, పాపపరిహారార్థబలి. ఏది ఎందుకో తెలియదు. ఏది తినాలో, ఏది కాల్చాలో, కొవ్వు ఎవరిదో తెలియదు. ఆ అయోమయంలోనే జనవరి 31 వస్తుంది. ఆ రోజు తప్పకుండా లేవీయకాండం 11.

నీళ్ళలో బతికేవాటిలో రెక్కలూ పొలుసులూ ఉన్నవే తినవచ్చు, లేనివి హేయం అని ఆ అధ్యాయం చెబుతుంది. ఈ ముక్క భీమవరంలో చదివితే ఎలా ఉంటుందో ఆలోచించండి. రొయ్యకి పొలుసు లేదు. పెంకు పొలుసు కిందికి వస్తుందా రాదా అని కాసేపు వేదాంత చర్చ నడుస్తుంది. వంటింట్లోంచి ఇగురు వాసన వస్తుంది. పుస్తకం గౌరవంగా మూతపడుతుంది. యొప్పేలో మిద్దె మీద పేతురుకి నాలుగు చెంగులు పట్టి దింపిన దుప్పటి కనిపించి, ఈ విషయంలో ఊరట దొరికేది అపొస్తలుల కార్యములు 10లో. మన టైంటేబులు ప్రకారం అది నవంబరు రెండో వారం. తొమ్మిది నెలలు రొయ్యలు లేకుండా ఉండమంటే డెల్టాలో ఎవరుంటారు?

ఎలాగో దాటి వచ్చిన మొండివాళ్ళ కోసం ఫిబ్రవరి 7న సంఖ్యాకాండం 7 కాచుకుని ఉంటుంది. 89 వచనాలు. పన్నెండు గోత్రాల ప్రధానులు పన్నెండు రోజులు వరసగా వచ్చి కానుకలిస్తారు. మొదటి రోజు నూట ముప్పై తులాల వెండి గిన్నె, డెబ్బై తులాల వెండి ప్రోక్షణపాత్ర, ధూపద్రవ్యంతో నిండిన పది తులాల బంగారు ధూపార్తి, ఆపైన కోడె, పొట్టేలు, గొర్రెపిల్ల, మేకపిల్ల. రెండో రోజు ఇంకొకాయన వస్తాడు, అవే. మూడో రోజు, అవే. పన్నెండు సార్లు, ఒక్క తులం తేడా లేకుండా, మొదటినుంచీ చివరిదాకా. చదివేవాడికి కునుకు పడుతుంది. తప్పు పుస్తకానిదా? తెలుగు పెళ్ళిలో మైకు ముందు నోటుబుక్కు పెట్టుకుని కూర్చున్నాయన్ని అడగండి. ఫలానావారు అయిదువందల పదహార్లు, ఫలానావారు స్టీలు బిందె, ఫలానావారు మళ్ళీ స్టీలు బిందె. మిగతా పదకొండుమందీ ఇంతే ఇచ్చారని ఒక్క ముక్కలో తేల్చేస్తే ఆ పందిట్లో రక్తపాతమే. ఇచ్చినవాడి పేరు, ఇచ్చిన వస్తువు, పైకి చదవాల్సిందే. అందుకే దాన్ని చదివింపులు అన్నారు. ఈ అధ్యాయాన్ని చదివింపుల గొంతుతో పైకి చదివితే పది నిమిషాల్లో నవ్వుతూ అయిపోతుంది. ఏ గోత్రాన్నీ చిన్నబుచ్చకూడదని రాసినవాడు పడ్డ శ్రద్ధ అప్పుడు కనిపిస్తుంది.

పైకి చదవడం అనే మాట వచ్చింది కాబట్టి: మన పాత అనువాదం గ్రాంథికం. సంధులు విడవవు, వాక్యాలు గుక్క తిప్పుకోనివ్వవు. కంటితో చదివితే మూడో వచనానికే చూపు జారిపోతుంది. లోగొంతుకతోనైనా బయటికి చదివితే చెవి విడగొట్టి అర్థం చెబుతుంది. అపొస్తలుల కార్యములు 8లో ఐతియొపీయుడు రథం మీద యెషయా గ్రంథాన్ని బయటికి చదవబట్టే గదా ఫిలిప్పుకి వినబడింది! అదీ కష్టమైతే వాడుక తెలుగు అనువాదాలు ఉన్నాయి, అవి చదివితే రక్షణ పోతుందని ఎక్కడా రాసిలేదు.

రాత్రి పడక మీద చదివేవాళ్ళ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సాక్షాత్తూ పౌలు ప్రసంగిస్తుంటేనే ఐతుకు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. మన మంచం ఎత్తు తక్కువ కాబట్టి సరిపోతోంది.

ఇక ఫోనులో చదువుతామనే ఆధునికులు. యాప్ తెరవగానే ఆ రోజు లెక్కలో పడుతుంది, 214 రోజులు తప్పకుండా అని మెచ్చుకుంటుంది. తెరిచినందుకు మెప్పు, చదివినందుకు కాదు. ఈలోగా పైనుంచి వాట్సాప్ జారుతుంది: గులాబీ పువ్వు, సూర్యోదయం, కింద యిర్మీయా 29:11. సమాధానకరమైన ఉద్దేశములే గాని హానికరమైనవి కావు అనే ఆ వచనం వాగ్దానం కార్డులకి ఆస్థాన వచనం. దాని ముందు వచనం ఎవరూ అచ్చు వెయ్యరు. బబులోనులో 70 సంవత్సరాలు గడిచాక ఆ సంగతి చూస్తానని అందులో ఉంది. కార్డు తీసుకున్నవాడు మాత్రం మార్చిలోపు ప్రమోషను అనుకుంటున్నాడు.

కుటుంబ ప్రార్థన ఇంకో రకం. చుట్టూ కూర్చుని తలా ఒక వచనం. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు మనుషుల్ని లెక్కపెట్టి తన వంతు ఏ వచనమో ముందే తేల్చుకుని, దాన్నే లోపల గొణుక్కుంటూ మిగతావేవీ వినడు. వాడి ఖర్మ కాలి యెషయా 8 రోజున మహేరు షాలాల్ హాష్ బజ్ అనే పేరు వాడి వంతుకే వస్తుంది. దీనికి మందు సులువు: ఒక్కొక్కరు అధ్యాయంలో ఒక భాగం, అంటే ఏడెనిమిది వచనాలు ఒక్క బిగిన చదవాలి, మిగతావాళ్ళు పుస్తకాలు మూసి వినాలి.

ఈ క్యాలెండర్ల వెనక పాతకాలపు పెద్దాయన ఒకరున్నారు. స్కాట్లండులో డండీ ఊరి పాస్టరు రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘం కోసం రోజుకి నాలుగు అధ్యాయాల పట్టిక వేశాడు. కొత్త నిబంధన, కీర్తనలు ఏడాదికి రెండుసార్లు, మిగతాది ఒకసారి. ఆ పట్టిక ముందు ఆయనే ప్రమాదాలు కూడా రాశాడు: మొక్కుబడి అవుతుంది, నేను గొప్పవాణ్ణనే గర్వం వస్తుంది, చదువు పైపైన సాగుతుంది, కొందరికి మోయలేని కాడి అవుతుంది. పట్టిక దేశదేశాలు తిరిగింది. ప్రమాదాల పేజీ దారిలో ఎక్కడో జారిపోయింది.

కాబట్టి కొత్తగా మొదలుపెట్టేవాడికి ఈ విచారణ చేసే సిఫార్సు పరమ చప్పగా ఉంటుంది, వేదిక మీద ప్రకటిస్తే ఎవరూ చెయ్యెత్తరు. కొత్త నిబంధన 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు, రోజుకి ఒక్కటి, 52 వారాలకి సరిగ్గా 260. శని, ఆదివారాలు సెలవు, లేదా బాకీ తీర్చుకునే రోజులు. మార్కు సువార్తతో మొదలుపెట్టాలి, పదహారు అధ్యాయాలు, మూడు వారాల మీద ఒక్క రోజులో ఒక పుస్తకం అయిపోయిందన్న తృప్తి వస్తుంది. వేళ గడియారంతో కాదు, పనితో ముడిపెట్టాలి. ఉదయం ఆరింటికి అని పెట్టుకుంటే ఆరుంపావుకి లేచినవాడు ఆ రోజుకి ఓడిపోయినట్టే. పాలు పొయ్యి మీద పెట్టాక, లేదా కాఫీ గ్లాసు చేతికొచ్చాక అనుకుంటే ఏ గంటకి లేచినా పాలు కాగక తప్పదు. ఫోను వేరే గదిలో. పెన్సిలు పుస్తకంలోనే. హైలైటర్ వద్దు, బైబిలు కాగితం ఉల్లిపొర, ఇవతల గీసిన పసుపు అవతలి పేజీలో శాపవచనం మీద తేలుతుంది. ఆపేటప్పుడు రిబ్బను చదివినచోట కాదు, రేపు చదవాల్సిన పేజీలో పెట్టాలి.

లేవీయకాండం దగ్గరికి రెండో ఏట, హెబ్రీయులకు రాసిన పత్రికను పక్కన పెట్టుకుని వెళ్ళాలి. ముఖ్యంగా 9, 10 అధ్యాయాలు. బలి ఏదైనా మూడే ప్రశ్నలు: తెచ్చినవాడెవడు, తెచ్చింది ఏమిటి, మిగిలింది ఎవరు తిన్నారు. అప్పుడు 12వ అధ్యాయం చివర ఒక చిన్న రాయితీ కంటబడుతుంది. బిడ్డ పుట్టాక గొర్రెపిల్లను తేలేని తల్లి రెండు గువ్వలో రెండు పావురపు పిల్లలో తేవచ్చు. లూకా 2లో యోసేపు, మరియ తెచ్చింది ఆ రాయితీ కానుకే. ఏటా క్రిస్మస్ నాటకంలో మరియకి పట్టుచీర కట్టించేవాళ్ళు ఈ అధ్యాయం దాకా రానివాళ్ళే.

డిసెంబరు మళ్ళీ వస్తుంది. క్రిస్మస్‌కి సున్నాలు వేయించడానికి అలమరలు సర్దుతారు. యోషీయా రాజు ఏలుబడి పద్దెనిమిదో ఏట ఇలాగే మందిరానికి మరమ్మతులు చేయిస్తుంటే యాజకుడు హిల్కీయాకి ధర్మశాస్త్ర గ్రంథం దొరికింది. లేఖికుడు షాఫాను చదివి వినిపిస్తే రాజు బట్టలు చింపుకున్నాడు. మనింట్లో దొరికినప్పుడు దుమ్ము దులుపుతారు, జిప్పు పాడైందని గమనించి కొత్త కవరు కొంటారు. పాత కవరులో పోయినేటి వాగ్దానం కార్డు, పెళ్ళి శుభలేఖ ఒకటి, కరెంటు బిల్లు ఒకటి. రిబ్బను ఎక్కడుందో ఎవరూ తీసి చూడరు. చూడనక్కర్లేదు, పదకొండో అధ్యాయం దగ్గరే, రొయ్యల పేజీలో.