నగరంలోనూ సూపర్‌నోవా చిక్కుతుంది

నగర వెలుతురులో సూపర్‌నోవా (పేలిపోతున్న నక్షత్రం) ఫొటో తీయడం ఔత్సాహిక ఖగోళ పరిశీలకుల వల్ల కాదని ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. 2023 మే 19న ఎం101 గెలాక్సీలో ఎస్‌ఎన్ 2023ఐఎక్స్‌ఎఫ్ అనే సూపర్‌నోవాను మొదట పట్టుకున్నదే జపాన్ ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి. ఆ వారంలోనే విజయవాడలో మా డాబా మీద నుంచి నేనూ తీశాను. ఆరంగుళాల టెలిస్కోపు, పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, అంతే. సప్తర్షి మండలంలో వసిష్ఠుడు, మరీచి చుక్కలతో త్రిభుజం ఊహించుకుంటే మూడో మూలలో ఉంటుంది ఆ గెలాక్సీ. ఇరవై సెకన్ల ఫొటోలు 90 తీసి, కంప్యూటర్లో ఒకదానిపై ఒకటి పేర్చాను. వీధిలైట్ల దెబ్బకి గెలాక్సీ చుట్టూ మెలి తిరిగిన చేతులు మసకగానే వచ్చాయి. సూపర్‌నోవా మాత్రం స్పష్టంగా పడింది, వెలుగంతా ఒక్క చుక్కలోనే ఉంటుంది కదా! సుమారు 2.1 కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగది.