ఓటీపీ చెప్పండి మాస్టారూ

నెల్లూరు మినీ బైపాస్ పక్కన అపార్ట్‌మెంట్, రాత్రి పదిన్నర దాటింది, ఇంట్లోవాళ్లు ఒంగోలు పెళ్లికి పోయారు, నా చేతిలో పార్సిల్ కట్టించుకున్న కారం దోశ. మెయింటెనెన్స్ చూసే కంపెనీవాళ్లు ఆ సాయంత్రమే 'సెక్యూరిటీ అప్‌గ్రేడ్' అని పాత కార్డులన్నీ రద్దు చేసేశారట. ఇకమీదట ఓటీపీ కొడితేనే లాబీ తలుపు. సరే అని ఫ్లాట్ నంబరు నొక్కా. ఓటీపీ వెళ్లింది, నాకు కాదు, ఫ్లాటు మాకు అమ్మేసి కావలి వెళ్లిపోయిన రిటైర్డ్ లెక్కల మాస్టారికి. కొన్నప్పుడు మా దగ్గర రిజిస్ట్రేషన్ కాపీలు, ఆధార్ జిరాక్సులు, ఫొటోలు అన్నీ తీసుకున్నారు, సిస్టంలో ఫోన్ నంబరు మార్చే ఓపిక మాత్రం ఎవరికీ లేకపోయింది.

మాస్టారికి ఫోన్ చేశా. నిద్రలోంచి లేచి ఎత్తారు.

"మాస్టారూ, మీ ఫోన్‌కి ఇప్పుడే ఓటీపీ వచ్చుంటుంది, కాస్త చెప్తారా?"

ఆ మాట బయటికొచ్చాక గానీ నాకే వినపడలేదు అదెట్లా ఉందో. అక్కణ్నుంచి నేను చెప్పిన ప్రతి మాటా నిజమే, ప్రతి మాటా దొంగమాట లాగే ఉంది. పేరు చెప్పా. "పేర్లు అందరూ చెప్తారు నాయనా" అన్నారు. మీ ఫ్లాట్ కొన్నది నేనే సార్ అన్నా. "వివరాలన్నీ ముందే సంపాదించి మరీ చేస్తారని పేపర్లో వేశారు" అన్నారు. "తొందరగా చెప్పండి సార్, టైమైపోతే ఎక్స్‌పైర్ అవుతుంది" అన్నా, ఇక నన్ను నేనే పోలీసులకి పట్టిద్దామనిపించింది. పోనీ వీడియో కాల్ చేస్తానంటే, "ఏందీ, డిజిటల్ అరెస్టా?" అన్నారు. అరగంట కింద ఉప్మా తిని పడుకున్న మనిషికి అంత చురుకు ఎక్కణ్నుంచి వచ్చిందో! ఎవరికి ఫోన్ చేసినా ముందు ఆ సైబర్ మోసాల కాలర్ ట్యూన్ విని విని విసుక్కున్నవాణ్ని నేను, ఆయన మాత్రం శ్రద్ధగా విన్నట్టున్నారు. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేస్తానన్నారు. చివరికి జాలిపడి పరీక్ష పెట్టారు.

"నిజంగా కొన్నోడివైతే వంటింట్లో సింకు కింద ఏముందో చెప్పు."

"పైపు కారతా ఉంటే చుట్టిన పాత పంచె ముక్క సార్."

"ఆఁ, కరెక్టే."

"అమ్మేటప్పుడు లీకు లేదన్నారు గదా మాస్టారూ?"

ఆయన దగ్గి, గబగబా అంకెలు చదవడం మొదలెట్టారు. నాలుగో అంకె దగ్గర ఓటీపీ టైమైపోయింది.

ఇంతసేపూ కుర్చీలో కూర్చుని వింటున్న వాచ్‌మన్ అప్పుడు లేచాడు. "ఏందన్నా ఈ గోల, ఆఫీసోళ్ల పాస్‌వర్డ్ ఇక్కడే ఉండాది గదా" అంటూ క్యాబిన్‌లో లైటేశాడు. గోడమీద పెంచలకోన క్యాలెండర్, దానిమీద ఎర్ర స్కెచ్‌తో 'అడ్మిన్, అడ్మిన్ 123'. పాలబ్బాయి, కేబుల్ అబ్బాయి, కొరియర్ వాళ్లు అందరూ దాంతోనే పోతారట. పక్కనే దారానికి వేలాడే లిస్టు: ఫ్లాట్ నంబరు, ఫోను, కారు నంబరు, ఆధార్ పన్నెండంకెలూ. చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ అనేదొకటి ఉందని వీళ్లకెవరు చెప్తారు? జనాల వివరాలు సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా వేయొచ్చని 2023లో చట్టమే చేశారు, మావాళ్లు చూస్తే ఆ వివరాలకి మేకు కొట్టి దారం కట్టారు. మా అందరి కార్డులూ పీకేశారు గానీ, అందరూ వాడే ఆ ఒక్క పాస్‌వర్డ్ మార్చాలని ఒక్కడికీ తట్టలేదు!

అడ్మిన్ 123 కొట్టి ఇంట్లోకి పోయా. దోశ చల్లారి అట్టముక్కయింది.

పొద్దున లేచేసరికి వాట్సాప్ గ్రూపులో కంపెనీ నోటీసు. సీసీటీవీలో నా ఫొటో, తల చుట్టూ ఎర్ర సున్నా, 'రాత్రి అడ్మిన్ లాగిన్‌తో అనుమానాస్పదంగా లోపలికి వెళ్లిన వ్యక్తిని గుర్తిస్తే వెంటనే వాచ్‌మన్‌కి తెలపగలరు' అని. ఎదురింటాయన 'చూస్తేనే తెలుస్తోంది' అని రాశాడు. వాచ్‌మన్ దండం బొమ్మ పెట్టాడు.