జజ్మానీ అని మన ఊళ్లో ఎవరన్నారు?

కల్లంలో రాశి కొలిచేటప్పుడు బట్టలుతికే ఇంటికి, క్షవరం చేసే ఇంటికి, నాగలి చెక్కే వడ్రంగికి, చెరువు నీళ్లు పారించే నీరటికి విడిగా తీసిపెట్టే గింజలను మన పల్లెల్లో 'మేర' అనేవారు. తరగతి గదిలో ఇదే ఏర్పాటును జజ్మానీ వ్యవస్థ అంటారు. ఉత్తరప్రదేశ్‌లోని ఒక పల్లె మీద విలియం వైజర్ 1936లో ప్రచురించిన అధ్యయనంతో సామాజిక శాస్త్రంలో స్థిరపడిన మాట అది. మేర గింజలు మూట కట్టుకుని ఇంటికి తెచ్చిన తాతకు మనవడై ఉండి, జజ్మానీ మీద పది మార్కుల జవాబు బట్టీపట్టే విద్యార్థి హైదరాబాద్‌లో ఇవాళ కూడా ఉంటాడు. ఆ రెండూ ఒకే కుదురువని అతనికి చెప్పేవారే కరువు.

ఈ పరిస్థితి మొదటి నుంచీ లేదు. 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పల్లెను చదవడం త్వరగానే అలవాటైంది. అయితే ఆ అలవాటు వెనుక పాలకుల భయం కూడా ఉందని ఒప్పుకోవాలి. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను కాల్చి చంపిన తర్వాతే గోండుల భూముల సంగతి నిజాం ప్రభుత్వానికి పట్టింది. ఆ పనికి పిలిపించిన మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ మార్లవాయిలో మకాం పెట్టి గోండీ బడికి దారి వేశారు. తర్వాత ఉస్మానియాలో ఆచార్యుడిగానూ పనిచేశారు. తిరుగుబాటు జరగకపోతే ఆ చదువు ఎప్పుడు మొదలయ్యేదో!

అసలు కథ హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటది. 1951-52లో మానవ శాస్త్రవేత్త శ్యామాచరణ్ దూబే ఉస్మానియా నుంచి ఆ ఊరిని చదవడానికి ఒంటరిగా వెళ్లలేదు. వ్యవసాయం, వైద్యం, పశువైద్యం, విద్య విభాగాల వారు కూడా వెంట ఉన్నారు. జ్వరానికి మందిచ్చే చేయి, గొడ్డును చూసే కన్ను పక్కనే ఉంటే ఇంటి గడప లోపలి మాటలు బయటికి రావడం తేలిక. కేవలం ప్రశ్నల పట్టీ పట్టుకుని వెళ్లినవారికి దొరకనిది అదే. కాలం కూడా మామూలు కాలం కాదు. జాగీర్దారీ రద్దై రెండేళ్లు. 1951 ఏప్రిల్‌లో పోచంపల్లిలో వినోబా భూదానం మొదలుపెట్టారు. ఆ అక్టోబరులో కమ్యూనిస్టులు తెలంగాణ సాయుధ పోరాటాన్ని విరమించారు.

ఆ పని 1955లో 'ఇండియన్ విలేజ్' పుస్తకంగా వచ్చింది. ఊళ్లో మనిషి స్థాయిని నిర్ణయించేవి ఆరని దూబే అందులో తేల్చారు: మతం-కులం, భూమి, సంపద, సర్కారు కొలువు లేదా గ్రామ పెత్తనం, వయసు, మనిషి స్వభావం. కులం ఒక్కటే అన్నిటికీ తాళంచెవి అనుకునేవారికి ఈ జాబితా ఇప్పటికీ పనికొస్తుంది. లోటూ ఉంది. ఊరు తెలుగులో మాట్లాడింది, పుస్తకం ఇంగ్లిషులో లండన్‌లో అచ్చయింది.

తర్వాత పల్లె అధ్యయనం విశ్వవిద్యాలయం గోడ దాటి వెళ్లిపోయింది. ముస్సోరిలో 1958లో పుట్టిన సామాజికాభివృద్ధి సంస్థ 1960ల మధ్యలో రాజేంద్రనగర్‌కు వచ్చింది. ఇవాళ్టి జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ అదే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి పాలమూరు జిల్లా ఔరేపల్లి, దోకూరుల్లో కుటుంబాల జమాఖర్చులను ఏళ్ల తరబడి రాయించింది. ఊళ్లోనే కాపురముండి లెక్క రాసే మనిషిని పెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆర్థికవేత్తల పుస్తకంలో కోడి, కూలి, అప్పు పడతాయి. అప్పిచ్చినవాడి ముందు చెప్పులు చేతపట్టుకుని నిలబడటం పడదు. అది రాయాల్సినవారు విశ్వవిద్యాలయంలో పాఠ్యప్రణాళికను సవరించుకుంటూ కూర్చున్నారు. డబ్బు లేక వెళ్లలేదన్న మాట సగమే నిజం. ఊరికి వెళ్లడం పరిశోధనలో భాగమన్న పట్టింపే సడలింది.

ఇప్పుడు వింత ఏమిటంటే, వెళ్లకపోయినా పల్లె వచ్చి తరగతి గదిలో కూర్చుంది. హాస్టల్ గదుల్లో ఉన్నవారిలో చాలామంది వ్యవసాయ కూలీల, చిన్న రైతుల పిల్లలు. పంట ఎండిన సంవత్సరం ఇంట్లో ఎవరు ముందు పస్తున్నారో వారికి పుస్తకం చెప్పనక్కర్లేదు. వారి చేత సొంత ఊరి మీద, సొంత మాటల్లో రాయించకుండా ఇంకెక్కడినుంచో తెచ్చిన పరిభాషను అప్పజెప్పించడం నాకైతే దండగ పనిగా కనిపిస్తుంది. సిద్ధాంత గ్రంథం తెలుగులో రాస్తే స్థాయి తగ్గుతుందని భయపడేవారు ఒక్కసారి మేర, మిరాసీ, వెట్టి అన్న మాటలకు ఇంగ్లిషులో సరైన మాటలు వెతికి చూడాలి.

మళ్లీ శామీర్‌పేట నుంచే మొదలుపెట్టవచ్చు. అక్కడ ఔటర్ రింగు రోడ్డు కూడలి ఉంది, న్యాయ విశ్వవిద్యాలయం ఉంది, చెరువు చూడటానికి ఆదివారం కార్లు బారులు తీరుతాయి. ఎకరాల్లో చెప్పుకున్న భూమిని గజాల్లో చెబుతున్నారు. దూబే చెప్పిన ఆరింటిలో భూమి ఇప్పుడు ఏ వరుసలో ఉంది? పొలం అమ్మి ఇల్లు కట్టినవాడి మాట చెల్లుతుందా, అమ్మించిన మధ్యవర్తి మాటా? మేర గింజలు ఆగిపోయిన ఇళ్లవారు ఇప్పుడు ఏ గేటు దగ్గర కాపలా ఉన్నారు? ఈ ప్రశ్నలతో ఊళ్లోకి వెళ్లేవారికి బండి కూడా అక్కర్లేదు. సికింద్రాబాద్ నుంచి సిటీ బస్సు అక్కడిదాకా వెళ్తుంది.