మర ఆగిన చోట మాస్టర్ బెడ్‌రూమ్

ఇంగ్లండులో కలిగినవాళ్లు, ఒకప్పుడు కాలువ నీటితో చక్రం తిరిగి పిండి ఆడిన పాత నీటి మరల్లో కాపురాలుంటున్నారు. గోధుమల బస్తాలుండే అటక మీద పడకగది, రాళ్లు తిరిగిన చోట డైనింగ్ టేబుల్, గోడ పక్క నుంచి గలగలా కాలువ. మన విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ మొత్తం గాలించండి, అలాంటి ఇల్లు ఒక్కటి దొరికితే చెప్పండి. స్మార్ట్ సిటీ అనిపించుకున్న ఊరికి ఇంత లోటా? దీని మీద ఒక్క రాజకీయ పార్టీ అయినా ధర్నా చేసిందా?

ఏ ఆస్తి కొన్నా ముందు లింకు డాక్యుమెంట్లు చూసుకోవాలి కాబట్టి కాస్త వెనక్కి వెళ్దాం. 1086లో విలియం రాజు పన్నుల కోసం ఊరూరా లెక్కలు రాయిస్తే 5,000కు పైగా మరలు తేలాయి. చాలాచోట్ల మర దొరదో, మఠానిదో. జనం అక్కడే గింజలు ఆడించుకోవాలి, అందులో వాటా ఇచ్చుకోవాలి. ఇంట్లో తిరగలి పెట్టుకుని గుట్టుగా విసురుకుంటే నేరం. సెయింట్ ఆల్బన్స్ మఠాధిపతి రిచర్డ్ ఆఫ్ వాలింగ్‌ఫర్డ్ అయితే 1330ల ప్రాంతంలో ఊరివాళ్ల తిరగళ్లన్నీ లాక్కుని, ఆ రాళ్లని మఠంలో నేలకి పరిపించేశాడు. ఆయన గొప్ప గణిత పండితుడు, ఖగోళ గడియారం తయారు చేసినవాడు. నా దృష్టిలో మాత్రం ప్రపంచంలోనే తొలి ఇంటీరియర్ డిజైనర్. 1381లో రైతులు తిరగబడి ఆ నేల పెకలించి, రాతిముక్కలు తలా ఒకటి పట్టుకుపోయారు. కళాపోషణ లేని జనం!

మనం వాళ్లలా కాదు. ఎవరూ లాక్కోకుండానే మన తిరగళ్లు మనమే తెచ్చి అపార్ట్‌మెంట్ లాబీలో పెట్టుకున్నాం. వార్నిష్ కొట్టి, పైన స్పాట్‌లైట్ వేసి, గింజలు పోసే కంతలో మనీప్లాంట్ గుచ్చి. మొన్న సీతమ్మధారలో, శ్రీకాకుళం నుంచి కొడుకింటికి వచ్చిన ఒక పెద్దావిడ దాని ముందు ఆగిపోయింది.

"ఏటి బాబూ, తిరగలి మీద చెప్పులెట్టేసినారు?"

"అది డెకర్ అమ్మా, పద పద, లిఫ్టొచ్చింది."

సాంకేతికంగా చూసినా మన ఊరికి అన్ని అర్హతలూ ఉన్నాయి. చక్రం కింద నుంచి నీరు తోసుకుపోవడం కంటే పై నుంచి పడితే దాదాపు రెట్టింపు పని జరుగుతుందని జాన్ స్మీటన్ అనే ఇంజనీరు 1759లో కొలిచి చూపించాడు. పై నుంచి పడాలంటే కొండలు కావాలి. మనకి ఒక పక్క కైలాసగిరి, ఇంకో పక్క సింహాచలం. కొండల నుంచి దిగే గెడ్డలూ ఉన్నాయి. ఎర్రిగెడ్డ మీదో గంగులగెడ్డ మీదో చక్రం బిగిస్తే నీళ్లు లేని నెలల్లో కూడా ఆగదు. వీధుల్లోంచి అన్ని కాలాల్లోనూ మనం పంపించే సరుకే దాన్ని తిప్పుతుంది. వానాకాలంలో ఒకటి రెండు పరుపులు కూడా వస్తాయి. కాలువ వైపు కిటికీ మాత్రం పెట్టించుకోకండి.

నీటి మర దొరకలేదు, కనీసం పిండి మరైనా మిగుల్చుకుందామా అంటే, వన్ టౌన్‌లో నాకు తెలిసిన ఒకటి పోయిన ఏడాది డెవలప్‌మెంట్‌కి వెళ్లిపోయింది. మంగుళూరు పెంకు, సున్నం గోడలు, పైన తిరిగే పొడవాటి బెల్టు. కనుబొమ్మల దాకా తెల్లగా ఉండే మర ఆయన, పిండి పడే గుడ్డ గొట్టాన్ని అరచేత్తో దబదబా కొట్టి దులిపేవాడు. ఆవకాయ రోజుల్లో కారం ఆడిస్తుంటే వీధి వీధంతా తుమ్మేది. వరసలో పెట్టిన డబ్బాల మీద సుద్దతో పేర్లు. ఎవరైనా తమ డబ్బా కాస్త ముందుకి జరిపితే, "ఓయ్ పిన్నీ, మేమేటి గాలికొచ్చామా?" అని వెనక నుంచి వినిపించేది. ఇప్పుడక్కడ స్టిల్ట్ పార్కింగ్, పైన అయిదంతస్తులు. ఇంగ్లండులో చారిత్రక కట్టడాల జాబితాకెక్కిన మరకి ఇష్టమొచ్చినట్టు మార్పులు చేయాలన్నా అనుమతి కావాలట. పాపం, అభివృద్ధి అంటే తెలియని దేశం.

అయినా నిరాశ పడక్కర్లేదు. భీమిలి రోడ్డులో ఒక వెంచర్ వారు మన లోటు గుర్తించి, గేటు పక్కనే రెండు నిలువుల చెక్క చక్రం నిలబెట్టారు. నిజానికది చెక్క కాదు, చెక్క రంగు వేసిన ఫైబర్. బోరు నీటిని మోటారు పైకి తోడుతుంది, ఆ నీరు చక్రం మీద పడుతుంది, చక్రం తిరుగుతుంది. లోకంలో నీరు చక్రాన్ని తిప్పి పని చేయించేది, ఇక్కడ కరెంటు పని చేసి నీటిచేత చక్రాన్ని తిప్పిస్తుంది. ఈ సామర్థ్యం కొలవడానికి స్మీటన్ బతికి లేడు.

సైట్ విజిట్ ఉన్న ఆదివారాలు చక్రం బాగానే తిరిగేది. ఫ్లాట్లు అప్పగించాక అసోసియేషన్‌లో గొడవ మొదలైంది. కరెంటు బిల్లు కామన్ మీటర్లో ఎందుకు పడాలి, మా బాల్కనీలోంచి చక్రమే కనిపించదు కదా అని వెనక బ్లాకు వాళ్లు. చక్రం చూపించే చదరపు అడుక్కి ఎక్కువ తీసుకున్నారు, ఆపితే ఊరుకోం అని ముందు బ్లాకు వాళ్లు. చివరికి సంక్రాంతికీ దీపావళికీ తిప్పాలని తీర్మానం అయింది. అక్కడి వాళ్లు కిలో గోధుమలు ఆడించుకోవాలంటే మాత్రం ఆటో కట్టించుకుని మధురవాడ వెళ్లాల్సిందే.