డబుల్ ధమాకా ఫ్లెక్సీ గారికి

అయ్యా ఫ్లెక్సీ గారూ,

నిన్న మీ ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) సెంటర్ అమ్మాయి ఫోన్ చేసి, సక్సెస్ వాల్‌కి బాబు, పాప ఫొటో పంపమంది. పాప ఇంకా ఎన్ఐసీయూలోనే, అదే పసికందుల ఐసీయూలోనే ఉందమ్మా, ముక్కులో గొట్టం ఉంది అన్నాను. "పర్లేదు మేడమ్, ఎడిట్ చేసేస్తాం" అంది. మీవాళ్ల మర్యాదకి మురిసిపోయి ఈ ఉత్తరం రాస్తున్నాను.

'ఒకే ఖర్చు, ఇద్దరు పిల్లలు' అని ఆషాఢం సేల్‌లో చీర మీద చీర ఇచ్చినట్టు రాసుకున్నారు మీ ఒంటి మీద. లోపలికొచ్చి భయంగా అడిగితే, "మామూలుగా పుట్టే కవలలకీ, ఐవీఎఫ్ కవలలకీ పెద్ద తేడా ఉండదమ్మా" అన్నారు.

ఉండకపోవచ్చు. పైగా మామూలు కవలల్లో ఒకే మాయను (మావిని) పంచుకునేవాళ్లు ఎక్కువగా ఉంటారు, ఒకరి రక్తం ఇంకొకరికి పోయే గండం వాళ్లది. రెండు ఎంబ్రియోలు (పిండాలు) పెడితే పుట్టేవాళ్లకి దాదాపుగా చెరో మాయ. ఆ లెక్కన మీరే నయం. కానీ మహాప్రభో, నాకేమన్నా మామూలుగా కవలలు పుట్టబోయారా? ఒక్క ఎంబ్రియో పెడితే ఒక్క బిడ్డ పుట్టేది. నా కవలల్ని పోల్చాల్సింది ఆ ఒక్క బిడ్డతో! కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు నిండకుండానే పుడతారనీ, తల్లికి బీపీ ముప్పు కూడా పెరుగుతుందనీ అప్పుడెందుకు నోరు విప్పలేదు? దేవుడిచ్చిన కవలలైతే ఎవర్నీ అడగలేం. నా కడుపులో రెండోది పెట్టింది దేవుడు కాదు.

స్వీడన్‌లో 2003 నుంచి మామూలుగా ఒక్కటే పెట్టాలని నియమం. కవలలు బాగా తగ్గారు, బిడ్డనెత్తుకుని ఇంటికెళ్లేవాళ్లు మాత్రం తగ్గలేదు. మనమేమో 2019లో గుంటూరులో డెబ్బై దాటిన ఆవిడకి ఐవీఎఫ్‌తో కవలలు పుడితే టీవీల ముందు చప్పట్లు కొట్టాం. ఐవీఎఫ్ లాంటి చికిత్సల మీద 2021 చట్టం వచ్చి ఆడవాళ్లకి 50 ఏళ్ల గీత గీసేదాకా మనకి చట్టంలో ఏ గీతా లేదు.

ఇన్సూరెన్సు వాళ్ల సంగతి ఎత్తను, బీపీ నాకు ఇప్పటికే ఉంది. "సొంతంగా పుట్టినవాళ్లేనా?" అనే పిన్నిగార్ల సంగతి అసలే ఎత్తను.

రిస్కులన్నీ కన్సెంట్ ఫారంలో ఉన్నాయట. ఇంగ్లీషులో, కంటికి ఆనని అక్షరాల్లో. ధమాకా మాత్రం తెలుగులో, ఫ్లైఓవర్ అంత పొడుగున! సిగ్గులేదా మీకు?

బుధవారం పిల్లలిద్దరికీ కళ్ల పరీక్ష. నెలలు నిండకుండా పుట్టారు కాబట్టి రెటీనా చూడాలన్నారు. అది ఏ ప్యాకేజీలో వస్తుందో కాస్త కనుక్కుని చెప్పించండి.

ఇట్లు,
ఇద్దరి తల్లి