తండ్రీ కూతుళ్ల పేచీ

(సైబీరియా, ఫిబ్రవరి. బైకాల్ సరస్సులోంచి అంగారా నది బయటపడే చోటు. యెనిసేయ్ నది మీద మనసుపడి కూతురు అంగారా లేచిపోతుంటే, తండ్రి బైకాల్ కోపంతో బండరాయి విసిరాడని అక్కడి కథ. ఆ షామాన్ రాయి ఇప్పటికీ నీళ్లలోనే ఉంది.)

బైకాల్: మూడొందల పైచిలుకు నదులు నా ఇంటికొస్తాయి. గడప దాటి పోయేది నువ్వొక్కదానివే!

అంగారా: నేను పోబట్టే ఇల్లు నిలిచింది నాన్నా. లేకపోతే ఒడ్డునున్న ఊళ్లన్నీ మునిగేవి.

బైకాల్: నా లోతు 1,642 మీటర్లు. ఇంత లోతు ఇంకే సరస్సుకీ లేదు. భూమి చీలిన చోట పడుకున్నాను, ఆ చీలిక ఇంకా విచ్చుకుంటూనే ఉంది. గడ్డకట్టని మంచినీళ్లు నేల మీద ఎన్నున్నాయో, అందులో అయిదోవంతు నా దగ్గరే.

అంగారా: రెండున్నర కోట్ల ఏళ్లుగా కూడబెట్టావు మరి! నీలో పడ్డ చుక్క బయటపడాలంటే మూడొందల ఏళ్ల పైమాటే. పిసినారి గల్లాపెట్టె.

బైకాల్: నేనా పిసినారిని? 1904లో జపాన్‌తో యుద్ధమొచ్చింది. నా దక్షిణపు కొండల్లో రైలుమార్గం ఇంకా పూర్తికాలేదు. అప్పుడు నా మంచు మీదే పట్టాలు పరిచారు. గుర్రాలు పెట్టెల్ని లాగుతుంటే కింద మంచు కిర్రుమనేది. ఆ బరువంతా నా వీపు మీదే.

అంగారా: ఒక్క చలికాలమేగా! నా మీద 1950ల్లో ఇర్కుత్స్క్ డ్యామ్ కట్టారు. అప్పట్నుంచీ ఊళ్లకు కరెంటిస్తున్నాను.

బైకాల్: ఆ డ్యామ్ వల్లే నా నీటిమట్టం మీటరు దాకా పెరిగింది. ఒడ్డున పచ్చికలు పోయాయి. నేను విసిరిన రాయికి కూడా ఇప్పుడు నెత్తి ఒక్కటే కనిపిస్తోంది.

అంగారా: (నవ్వి) నా మీదకు విసిరిన రాయి మునిగిందని నాతోనే చెప్పుకుంటున్నావా! మరి బైకాల్స్క్‌లో కాగితపు గుజ్జు ఫ్యాక్టరీ? 1966 నుంచి 2013 దాకా మురికి నీలోకే వదిలిందిగా.

బైకాల్: దాన్ని నేను పెట్టమన్నానా?

అంగారా: డ్యామ్ నేను కట్టమన్నానా?

(ఇద్దరూ కాసేపు మాట్లాడలేదు. సరస్సు మీద మీటరు మందాన మంచు. కూతురు బయల్దేరే చోట మాత్రం నీళ్లు పొగలు కక్కుతూ పారుతున్నాయి. ఎక్కడెక్కడి బాతులో అక్కడ చేరి మునుగుతూ తేలుతున్నాయి.)

బైకాల్: ఆ బాతులకు తిండి దొరుకుతోందా?

అంగారా: దొరుకుతోంది నాన్నా. నీ నీళ్లేగా.