పంతులుగారి మైకు, గిటారు కేక

మా ఆర్కెస్ట్రాలో గిటారు వాయించే కుర్రాడు మొత్తానికి ఓవర్‌డ్రైవ్ పెడలు కొన్నాడు. అరచేతిలో ఇమిడే ఆకుపచ్చ ఇనుప డబ్బా, దానికి డ్రైవ్ (గరగర ఎంత), టోన్ (గొంతు పదును ఎంత), లెవెల్ (శబ్దం ఎంత) అని మూడు నాబులు. 1970ల చివర్లో జపానులో పుట్టిన ట్యూబ్ స్క్రీమర్ అనే పెడలుకు నకలు. కాలితో నొక్కితే చాలు, అప్పటిదాకా బుద్ధిగా పలికిన గిటారు గొంతు బొంగురుపోయి కేక పెడుతుంది.

ఆ కేకకు ముహూర్తం రాజమండ్రిలో ఒక పెళ్లిలో కుదిరింది. సోలో రాగానే కుర్రాడు కళ్లు మూసుకుని పెడలు తొక్కాడు. గర్రుమంది. మైక్‌సెట్ ఆయన చేతిలోని బూరె అక్కడే వదిలేసి గిటారు శబ్దం తగ్గించే ఫేడరు మీటను కిందికి లాగేశాడు.

"స్పీకరు చిరిగింది బాబూ!"

"చిరగలేదు బాబాయ్. చిరిగినట్టు వినపడటానికే ఇంత డబ్బు పోసి కొన్నాను."

"ఆ డబ్బేదో నాకిస్తే నేనే చింపి ఇచ్చేవాణ్ణి కదా!"

నవ్వాం గానీ, ఆయన చెవిని తప్పుపట్టడానికి లేదు. 1964లో లండన్‌లో కింక్స్ అనే రాక్ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ ఇలాంటి మోత కోసమే తన ఆంప్ (గిటారు శబ్దాన్ని పెంచే పెట్టె) స్పీకరును బ్లేడుతో కోశాడు. ఈ డబ్బా అంత పాపానికి ఒడిగట్టదు. సిగ్నలును పెంచి, దాని అలల తలలను డయోడ్లనే చిన్న విడిభాగాలతో కత్తిరించి, పాత ట్యూబ్ ఆంప్‌ను శక్తికి మించి తోలినట్టు పలికిస్తుంది.

ఇంట్లో ఒంటరిగా సాధన చేసినప్పుడు పెట్టినట్టే డ్రైవ్ నిండుగా పెట్టుకొచ్చాడు మావాడు. కీబోర్డు, బేస్, ప్యాడ్లు అన్నీ కలిసిన వేదిక మీద ఆ గర్జన ఉత్త రొదగా మిగిలింది. "డ్రైవ్ తగ్గించి లెవెల్ పెంచు నాన్నా" అన్నాను. ఈ పెడలు మరీ మందంగానూ మరీ కీచుగానూ లేని మధ్యస్థాయి శబ్దాన్ని ముందుకు తోస్తుంది కాబట్టి, అలా పెడితే గుంపులోంచి గిటారు తేటగా వినపడుతుంది. కీబోర్డు వాయించే నేను ఈ సలహా ఇవ్వడం త్యాగమే. ఎవరూ గుర్తించలేదు.

ఇంతలో ఎదురుకోలు మొదలైంది, మాకు విరామం. సరిగ్గా అప్పుడే పంతులుగారి కార్డ్‌లెస్ మైకు మూగబోయింది. దానికీ 9 వోల్టుల బ్యాటరీయే, పెడలుకూ అదే. అంత ఖరీదు పెట్టిన కుర్రాడు అడాప్టరు దగ్గర మాత్రం పొదుపు పాటించాడు. మైక్‌సెట్ ఆయన చడీచప్పుడు లేకుండా పెడలు అడుగు మూత తీశాడు. మంత్రాలు మోగిపోయాయి.

తరువాత పెళ్లికొడుకు స్నేహితులు గిటారు సోలో కావాలని పట్టుబట్టారు. కుర్రాడు పెడలు తొక్కాడు. ఎర్ర దీపం వెలగలేదు. మళ్లీ తొక్కాడు. ఈ రకం పెడళ్లలో ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా శబ్దం లోపలి సర్క్యూటు మీదుగానే పోవాలి. బ్యాటరీ లేకపోతే మామూలు గొంతూ రాదు. తీగల మీద టిక్కుటిక్కు తప్ప ఏమీ లేదు. కేబుల్ పీకి పెట్టాడు, ఆంప్ చెవి మెలిపెట్టాడు. వీడియో కుర్రాడు లైటు వేసి అదంతా శ్రద్ధగా తీశాడు.

ఆ నిశ్శబ్దంలో హాలంతా పంతులుగారి గొంతు మోగింది. ఎక్కడో వంటశాల దగ్గర ఉన్నారాయన, మైకు ఆపడం మరిచారు.

"కాఫీలో పంచదార తగ్గించు నాయనా. అమ్మయ్య, ఆ గర్జన ఆగింది, ప్రాణం కుదుటపడింది."

ఆ రాత్రి గిటారు సోలోకు వచ్చిన చప్పట్లు అవే.